రోలాండ్ హైట్స్ పేరు వెనకున్న కుటుంబం: షరీఫ్ విలియం రోలాండ్ గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

నాలుగో_తరగతి_అమ్మ:

అందరికీ నమస్కారం. మేం లాస్ ఏంజెలెస్ దగ్గరి రోలాండ్ హైట్స్‌కి వచ్చి ఆరేళ్లయింది. మా అమ్మాయి ఇప్పుడు నాలుగో తరగతి. ఇక్కడ నాలుగో తరగతిలో కాలిఫోర్నియా చరిత్ర చెప్తారు కదా, మీ ఊరికి సంబంధం ఉన్న ఒక మనిషి గురించి చెప్పులపెట్టెలో బొమ్మల సీను చేసి, పక్కన ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. ఊరి పేరు జాన్ రోలాండ్ అనే ఆయన మీద వచ్చిందని తెలిసింది. మా అమ్మాయికి మాత్రం ఆయన కొడుకు విలియం రోలాండ్ నచ్చాడు. లాస్ ఏంజెలెస్ కౌంటీకి షరీఫ్‌గా చేశాడట, టిబూర్సియో వాస్కెజ్ అనే పేరుమోసిన బందిపోటుని పట్టుకున్నాడట.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పట్టుకోవడానికి వెళ్లినవాళ్లలో షరీఫ్ లేడు. మనుషుల్ని పంపించి తను ఊళ్లోనే ఉండిపోయాడు. అది చదివి మా అమ్మాయి, "అయితే ఆయనకి భయమేసిందా అమ్మా? వేరేవాళ్లు చేసిన పనికి ఆయనకెందుకు పేరు?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. రెండు రోజులుగా ఆ పెట్టె ఖాళీగా బల్ల మీదే ఉంది.

అసలు ఆ రోజుల్లో షరీఫ్ అంటే ఏం చేసేవాడు? ఇంత పెద్ద భూస్వామి కొడుక్కి ఆ ఉద్యోగం ఏం అవసరం? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్. వచ్చే శుక్రవారానికి ఇవ్వాలి.

---

కోర్టు_మెట్లు:

అమ్మా, మీ పాప అడిగింది సరైన ప్రశ్న. భయం కాదని చెప్పండి. అంతకు నెల ముందు అదే వాస్కెజ్ వెనక ఆయనే స్వయంగా గుర్రమెక్కి వెళ్లాడు. దొరకలేదు. రెండోసారి వెళ్లకపోవడానికి కారణం అందులోనే ఉందని నా నమ్మకం. అది అర్థం కావాలంటే ముందు వాళ్ల నాన్న సంగతి తెలియాలి.

జాన్ రోలాండ్ న్యూ మెక్సికోలోని టావోస్‌లో స్థిరపడిన అమెరికన్. అప్పుడది మెక్సికో దేశంలో భాగం. అక్కడ పిండిమర, సారా బట్టీ నడిపాడు, మరియా ఎన్‌కార్నాసియోన్ మార్టినెజ్ అనే స్థానికురాలిని పెళ్లి చేసుకున్నాడు. 1841లో విలియం వర్క్‌మన్ అనే ఇంగ్లీషాయనతో కలిసి ఒక బృందాన్ని వెంటబెట్టుకుని పాత స్పానిష్ దారి మీదుగా కాలిఫోర్నియాకి బయల్దేరాడు. తిండి కోసం గొర్రెల్ని తోలుకుంటూ వచ్చారు. సెప్టెంబర్‌లో బయల్దేరినవాళ్లు నవంబర్‌లో లాస్ ఏంజెలెస్ చేరారు. మరుసటి ఏడాది మెక్సికో ప్రభుత్వం ఆయనకి లా పుయెంటె రాంచో (పశువుల్ని మేపుకునే పెద్ద భూమి) ఇచ్చింది. 1845లో దాన్ని పెంచి వర్క్‌మన్ పేరు కూడా కలిపారు. మొత్తం 48,790 ఎకరాలు. మీరుంటున్న ఇల్లు, మేముంటున్న హసీండా హైట్స్, ఇప్పుడు గోదాములు తప్ప ఇంకేం కనపడని సిటీ ఆఫ్ ఇండస్ట్రీలో చాలా భాగం అందులోవే.

విలియం 1846లో ఆ రాంచోలోనే పుట్టాడు. పుట్టినప్పుడు అది మెక్సికో. నాలుగేళ్లు నిండకముందే అమెరికాలో ఒక రాష్ట్రం అయిపోయింది. 1851లో వాళ్లమ్మ పోయింది. నాన్న షార్లెట్ గ్రే అనే వితంతువుని పెళ్లాడి, 1855లో ఆవిడ కోసం ఇటుకలతో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. అంటే ఈ పిల్లాడు స్పానిష్ మాట్లాడే తల్లి ఒళ్లో, ఇంగ్లీషు మాట్లాడే సవతి తల్లి దగ్గర, రెండుచోట్లా పెరిగాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఏమనుకోకండి. నేను పదకొండేళ్లు ఇక్కడి కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేశాను. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు కోర్టు మెట్ల మీద కూర్చుని, నేను "ఏమ్మా, ఏమైంది?" అనగానే గబగబా అంతా చెప్పేసేవాళ్లు. అప్పటిదాకా అదే మనిషిని ముగ్గురు ఆఫీసర్లు అడిగినా నోరు విప్పి ఉండరు. భాష తెలియడమంటే మాటకి మాట చెప్పడం మాత్రమే కాదు, ఎదుటివాడు మనల్ని చూసి బిగుసుకుపోకుండా ఉండటం. 1870ల్లో లాస్ ఏంజెలెస్‌లో సగం జీవితం స్పానిష్‌లో నడిచేది. ఆ భాష అమ్మ దగ్గర నేర్చుకున్న మనిషి షరీఫ్ కావడం ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. విలియం రోలాండ్ మీద నాకు అభిమానం పుట్టింది అక్కడే, బందిపోటు కథ దగ్గర కాదు.

ఇక ఉద్యోగం సంగతి. షరీఫ్ అంటే మన జిల్లా ఎస్పీలా పై నుంచి వేసేది కాదు, జనం ఓటేసి ఎన్నుకునేది. అప్పట్లో రెండేళ్లకోసారి ఎన్నిక. దొంగల్ని పట్టడం అందులో చిన్న భాగమే. సమన్లు అందించాలి, జ్యూరీకి మనుషుల్ని పిలవాలి, తీర్పు వస్తే ఆస్తి జప్తు చేసి వేలం వేయాలి, జైలు నడపాలి, ఉరిశిక్ష పడితే అదీ తనే అమలు చేయాలి. మన కోర్టు అమీను, జైలరు, పోలీసు ముగ్గురూ ఒకే మనిషైతే ఎలా ఉంటుందో అలా. పైగా ఇప్పటి ఆరెంజ్ కౌంటీ కూడా అప్పుడు ఇందులోదే, 1889లో గానీ విడిపోలేదు. 1870 జనాభా లెక్కల్లో ఇంత పెద్ద కౌంటీకి 15,309 మంది. ఇప్పుడు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల పేటలో అంతమంది ఉంటారు.

భూస్వామి కొడుక్కి ఈ ఉద్యోగమెందుకని అడిగారు. ఆ రోజుల్లో ఓటర్లు ముఖం తెలిసినవాడికే ఓటేసేవాళ్లు. రోలాండ్ అంటే తెలియని రాంచో లేదు. 1871లో ఎన్నికయ్యాడు, 1872లో పదవిలోకి వచ్చేసరికి పాతికేళ్లు. అతను వచ్చిన సమయం కూడా మంచిది కాదు. 1871 అక్టోబర్ 24న లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున ఒక గుంపు చైనా వాళ్ల మీద పడి కనీసం 18 మందిని చంపింది. అప్పుడు షరీఫ్ వేరే ఆయన. కొందరికి శిక్ష పడినా పై కోర్టు ఆ తీర్పుల్ని కొట్టేసింది. చట్టమంటే జనానికి నమ్మకం పోయిన ఊళ్లో ఈ కుర్రాడు తాళాలగుత్తి అందుకున్నాడు.

1873 ఆగస్టులో వాస్కెజ్ ముఠా ఉత్తరాన ట్రెస్ పీనోస్ అనే చోట ఒక దుకాణాన్ని దోచింది, ముగ్గురు చనిపోయారు. రాష్ట్రమంతా వెతుకుతుంటే అతను దక్షిణానికి జారుకున్నాడు. 1874 ఏప్రిల్‌లో, ఇప్పటి మాంటెరీ పార్క్ దగ్గర అలెస్సాండ్రో రెపెట్టో అనే గొర్రెల ఆసామిని అతని ఇంట్లోనే కట్టేశాడు. చేతిలో నగదు లేదంటే 800 డాలర్లకి చెక్కు రాయించి, ఇంట్లో ఉన్న కుర్రాడిని ఊళ్లో బ్యాంకుకి పంపాడు. ఆ బ్యాంకు టెంపుల్ అండ్ వర్క్‌మన్. అవును, రోలాండ్ నాన్నతో కలిసి గొర్రెల్ని తోలుకొచ్చిన వర్క్‌మనే. టెంపుల్ ఆయన అల్లుడు. టెంపుల్‌కి అనుమానమొచ్చి షరీఫ్‌కి కబురు పెట్టాడు. కుర్రాడు ఏడ్చి, మీరు వస్తే మా వాళ్లని చంపేస్తాడని బతిమాలాడు. చివరికి వాడికి డబ్బిచ్చి పంపారు, వెనకాలే రోలాండ్ మనుషులతో గుర్రాల మీద బయల్దేరాడు.

కానీ ఆ మైదానంలో ఇన్ని గుర్రాలు పరిగెడితే దుమ్ము లేస్తుంది, మైళ్ల దూరం కనపడుతుంది. వాస్కెజ్ చూసి దాటుకున్నాడు. పారిపోతూ దారిలో ఎదురైన ఒకాయన చేతి బంగారు గడియారం కూడా లాక్కుని కొండల్లోకి ఎక్కేశాడు.

తర్వాతి నెల, వాస్కెజ్ గ్రీక్ జార్జ్ అనే ఆయన ఇంట్లో ఉన్నాడని తెలిసింది. ఇప్పటి వెస్ట్ హాలీవుడ్ దగ్గర. ఈ గ్రీక్ జార్జ్ అమెరికా సైన్యం తెచ్చుకున్న ఒంటెల్ని తోలడానికి సముద్రం దాటొచ్చిన మనిషి, పాపకి ఆ ముక్క చెప్పండి, తప్పకుండా నచ్చుతుంది. రోలాండ్ ఈసారి అండర్‌షరీఫ్ (తన కింది అధికారి) ఆల్బర్ట్ జాన్సన్‌కి పని అప్పగించాడు. మొత్తం ఎనిమిది మంది. గుంపుగా కాకుండా ఒక్కొక్కరుగా వెళ్లి ఒక చోట కలుసుకున్నారు, అర్ధరాత్రి దాటాక బయల్దేరి కొండ లోయలో కాచుకున్నారు. పొద్దున ఆ ఇంటివైపు నుంచి ఒక బండి వస్తే దాన్ని ఆపి, బండిలో బోర్లా పడుకుని, తోలేవాడిని వెనక్కి తిప్పి అదే ఇంటికి పొమ్మన్నారు. 1874 మే 14. వాస్కెజ్ భోజనం దగ్గర ఉన్నాడు. కిటికీలోంచి దూకాడు, కాల్పుల్లో గాయపడి లొంగిపోయాడు. ప్రాణాలతో పట్టిస్తే 8,000 డాలర్లు, శవమైతే 6,000 అని ప్రభుత్వం ప్రకటించి ఉంది. ప్రాణాలతోనే దొరికాడు.

ఆ సమయంలో షరీఫ్ ఊళ్లో అందరికీ కనపడేలా తిరుగుతున్నాడు. వాస్కెజ్‌కి ఊరినిండా కళ్లున్నాయి, ఆ కళ్లన్నీ షరీఫ్ గుర్రం మీదే ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్న మనిషి, ఎక్కడికి కదిలినా తెలిసిపోతుంది. కాబట్టి కదలకుండా ఉండటమే ఆ రోజు అతని పని. మొదటిసారి దుమ్ము నేర్పిన పాఠం అది. పాపకి ఇలా చెప్పండి: అందరూ తననే చూస్తున్నారని తెలిసినవాడు, చూడనిచ్చాడు.

---

శాన్‌హోసే_పాఠకుడు:

పైన రాసినాయనకి నమస్కారం, చాలా బాగా చెప్పారు. అయితే రెండు విషయాలు కలపాలి సార్, లేకపోతే పాపకి సగం కథే వెళ్తుంది.

ఒకటి హ్యారీ మోర్స్. అలమేడా కౌంటీ షరీఫ్. గవర్నర్ పంపగా ఒక దండుతో రెండు నెలలు కొండలన్నీ గాలించాడు. గ్రీక్ జార్జ్ ఇంటి ఆచూకీ తనకే ముందు తెలిసిందనీ, మర్యాద కొద్దీ ఆ కౌంటీ షరీఫ్ కదా అని రోలాండ్‌కి చెబితే, అది నమ్మదగ్గ కబురు కాదని తనని వెనక్కి పంపేసి, తర్వాత తనే మనుషుల్ని పంపాడనీ మోర్స్ వైపు కథనం. బహుమతీ పేరూ రెండూ రోలాండ్‌కి వెళ్లాయి. నేను మోర్స్ పక్షమే. రోలాండ్ తెలివైనవాడు, కాదనను. కానీ తోటి షరీఫ్‌ని అలా తిప్పి పంపడం నాకు మింగుడుపడదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. రోలాండ్‌ది తొలితరం వలస కుటుంబం అంటున్నాం కదా, వాస్కెజ్‌ది అంతకంటే పాతది. అతని పూర్వీకుడు 1776లో డి అంజా నడిపించిన స్పానిష్ వలసదారుల బృందంతో వచ్చాడు. రోలాండ్ నాన్న రావడానికి 65 ఏళ్ల ముందు. వాస్కెజ్ 1835లో మాంటెరీలో పుట్టాడు, చదవడం రాయడం వచ్చు. అమెరికా వచ్చాక స్పానిష్ మాట్లాడే కాలిఫోర్నియోల భూములు కోర్టుల్లో, అప్పుల్లో కరిగిపోయాయి. ఆ కోపం తనని ఈ దారి పట్టించిందని అతను చెప్పుకున్నాడు. ట్రెస్ పీనోస్‌లో చనిపోయినవాళ్లకి ఆ కోపంతో ఏ సంబంధమూ లేదు, అందుకే నేనతన్ని హీరో అనను. కానీ అతన్ని దాచిపెట్టిన పల్లె జనం ఎందుకు దాచిపెట్టారో ఇది తెలియకపోతే అర్థం కాదు. విచారణ మా ఊరు శాన్ హోసేలోనే, 1875 జనవరిలో. మార్చి 19న ఇక్కడే ఉరి తీశారు.

---

కోర్టు_మెట్లు:

మోర్స్ సంగతి నేను కావాలనే వదిలేశాను. మీరు చెప్పాక, వదిలేయడం తప్పేననిపిస్తోంది. మోర్స్ బాధలో న్యాయముంది. ఒక్క మాట: మోర్స్ బయటివాడు, అతని దండు ఎక్కడ దిగినా గంటలో వార్త పాకేది. రోలాండ్ అలా ఆలోచించి పంపేశాడో, పేరు కోసమే పంపేశాడో, రెండూనో. నేనైతే రెండూ అనుకుంటాను. అభిమానమున్నా అబద్ధం చెప్పలేను కదా.

1776 మాట మాత్రం నన్ను పట్టుకుంది సార్. ఇన్నేళ్లుగా ఈ కథ చదువుతున్నా ఆ ఇద్దరినీ అలా పక్కపక్కన పెట్టి చూడలేదు.

---

చీనో_గాలి:

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. లా పుయెంటె అంటే వంతెన. 1769లో పోర్టోలా అనే స్పెయిన్ సేనాని బృందంవాళ్లు ఇక్కడి వాగు దాటడానికి కర్రలతో వంతెన కట్టుకున్నారు, పేరు అలా పడింది. ఆ వాగు చుట్టూ అప్పటికే టోంగ్వా ప్రజలు తరతరాలుగా ఉన్నారు. తర్వాత శాన్ గేబ్రియల్ మిషన్ (స్పానిష్ మతగురువుల స్థావరం) వాళ్లని గేబ్రియలీనోలు అని పిలిచింది, ఈ భూములన్నీ మిషన్ పశువుల మేత భూములయ్యాయి. మిషన్ చేతి నుంచి పోయాకే రాంచోలుగా పంచారు. కాబట్టి పేజీ మొదట్లో "తొలి నివాసులు" అని రాయొద్దని పాపకి చెప్పండి. "తొలి అమెరికన్ వలసదారుల్లో ఒకరు" అంటే సరిపోతుంది. మా అబ్బాయి రెండేళ్ల క్రితం అదే పొరపాటు చేసి మళ్లీ రాశాడు.

---

నాలుగో_తరగతి_అమ్మ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మీరు రాసినవన్నీ గట్టిగా చదివి వినిపించాను. దుమ్ము దగ్గర దాని కళ్లు మెరిశాయి. ఒంటెలాయన దగ్గర రెండుసార్లు చదివించుకుంది. మోర్స్ దగ్గర మాత్రం ముఖం ముడుచుకుని, "సారీ చెప్పాడా?" అంది. ఏమీ చెప్పలేకపోయాను.

ఇంకో ప్రశ్న కూడా వేసింది. అంత భూమి ఉన్నవాళ్లు తర్వాత ఏమయ్యారు? ఇప్పుడు ఆ ఇల్లుందా?

---

కోర్టు_మెట్లు:

ఇల్లుందమ్మా. 1855 నాటి ఆ ఇటుకల ఇల్లు సిటీ ఆఫ్ ఇండస్ట్రీలో స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుల పక్కనే ఉంది.

జాన్ రోలాండ్ 1873 అక్టోబర్‌లో పోయాడు, కొడుకు షరీఫ్‌గా ఉన్నప్పుడే. అంతకుముందే ఆయనా వర్క్‌మనూ రాంచోని పంచుకున్నారు, తూర్పు రోలాండ్‌కి, పడమర వర్క్‌మన్‌కి. ఆ పంపకమే రోలాండ్ పిల్లల్ని కాపాడింది. 1875లో టెంపుల్ అండ్ వర్క్‌మన్ బ్యాంకు చిక్కుల్లో పడింది. లక్కీ బాల్డ్విన్ అనే ధనవంతుడి దగ్గర అప్పు తెచ్చి భూమి తాకట్టు పెట్టారు. అయినా 1876 జనవరిలో బ్యాంకు మూతపడింది. అదే ఏడాది మే నెలలో వర్క్‌మన్ తన ప్రాణం తనే తీసుకున్నాడు. 76 ఏళ్ల వయసులో. ఇది పాపకి ఇప్పుడే చెప్పాలా వద్దా మీరే చూసుకోండి. నేనైతే "అంతా పోయింది, తట్టుకోలేకపోయాడు" అని ఆపుతాను. వాస్కెజ్ చెక్కు మారింది ఆ బ్యాంకులోనే అని గుర్తొస్తే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

విలియం మొదటి విడత 1875తో అయిపోయింది. జనం మళ్లీ ఎన్నుకుంటే 1880 నుంచి 1882 దాకా చేశాడు. మధ్యలో షరీఫ్ అయినవాళ్లలో మిచెల్ ఒకరు, వాస్కెజ్‌ని పట్టిన ఎనిమిది మందిలో ఉన్నాయనే. ఆ ఎనిమిదిలోనే ఉన్న ఎమిల్ హారిస్ లాస్ ఏంజెలెస్ పోలీస్ చీఫ్ అయ్యాడు. విలియం భార్య మాన్యుయెలా విలియమ్స్, చీనో రాంచో ఐజాక్ విలియమ్స్ కూతురు. మన చీనో ఆయనకి ఆ పేరు తెలిసే ఉంటుంది.

1880ల్లో విలియం సొంత భూమిలో, పుయెంటె కొండల్లో, చమురు తీయించాడు. పుయెంటె ఆయిల్ కంపెనీ పెట్టాడు, చీనోలో శుద్ధి కర్మాగారం కూడా నడిచింది. వర్క్‌మన్‌లు భూమి పోగొట్టుకున్న చోటికి కొద్ది మైళ్ల దూరంలో వీళ్ల భూమి కింద నూనె. 1926లో పోయాడు. గుర్రాల దుమ్ము చూసినవాడు మోటారు కార్ల రోడ్లు కూడా చూశాడు.

వీలైతే శనివారం పాపని హోమ్‌స్టెడ్ మ్యూజియానికి తీసుకెళ్లండి. వర్క్‌మన్ కట్టుకున్న ఇల్లు అక్కడుంది, పక్కనే ఎల్ కాంపో సాంటో అనే చిన్న శ్మశానం. జాన్ రోలాండ్, వర్క్‌మన్ ఇద్దరూ అక్కడే. మెక్సికో కాలం చివరి గవర్నర్ పియో పికో (1845లో వర్క్‌మన్ పేరు కలిపింది ఆయనే) అవశేషాల్ని 1921లో అక్కడికే తెచ్చారు. మా ఆవిడ ఉన్నప్పుడు ఇద్దరం ఆదివారాలు వెళ్లేవాళ్లం. అంత ఫ్రీవే మోతలో అక్కడొక్కచోట పిట్టల అరుపులు వినపడతాయి.

---

నాలుగో_తరగతి_అమ్మ:

వెళ్లొచ్చాం అంకుల్. పాప జాన్ రోలాండ్ పేరు వేలితో తడిమి చూసింది. పిట్టలు నిజంగానే ఉన్నాయి.

ఇంటికొచ్చి ఒక పెట్టె సరిపోదంది. ఇప్పుడు బల్ల మీద రెండున్నాయి. ఒకదాంట్లో బండి, బండిలో బోర్లా పడుకున్న ఎనిమిది మంది, తోలేవాడు, కిటికీ దగ్గర వాస్కెజ్. ఇంకోదాంట్లో ఊరి వీధి, మధ్యలో ఒక్కడే నిలబడ్డ షరీఫ్. ఆ వీధిలో ఇళ్లన్నిటికీ కిటికీలు పెట్టి, ప్రతి కిటికీలో రెండేసి చుక్కలు పెట్టింది. కళ్లట. మూలన టోపీ పెట్టుకుని ఉత్తరానికి వెళ్లిపోతున్న ఇంకో మనిషి ఉన్నాడు, ఎవరని అడిగితే మోర్స్ అంది.